సినిమా కాని పాట

తెలుగునాట పాట యనగానే సినిమాపాట యను నర్థము స్థిరపడి చాలకాలమైనది. 1932వ సంవత్సరమున "భక్తప్రహ్లాద" మన మొదటి మాటల చిత్రముగా వెలువడినది మొదలు నేటివరకు, పెండ్లిపందిరిలో మ్రోగునదియు, బస్సులో మ్రోగునదియు, పసిపిల్ల నోట మొదట పలుకునదియు తెరమీదినుండి దిగివచ్చిన పాటయే. త్యాగరాజస్వామివారి కృతులు సభలకును, అన్నమాచార్యులవారి సంకీర్తనలు గుడులకును మిగిలినవి. తక్కిన చోటంతయు సినిమాదే. ఇట్టి దేశమున నలుగురు యువకులు గిటారులు చేతబట్టి, ఏ చిత్రముకొరకును గాక, తమ మాటలు తాము వ్రాసికొని, తమ వరుసలు తాము కట్టుకొని పాడుదుమని బయలుదేరుట సాహసమే. అట్టి బృందములను నేడు ఇండీ బ్యాండు లనుచున్నారు. ఇండిపెండెంట్ అను మాటకిది కుదింపు. 1970 తరువాతి యేండ్లలో ఇంగ్లండున పెద్ద రికార్డు కంపెనీల ప్రాపు లేకయే, చిన్న చిన్న కంపెనీలు పెట్టుకొని పాటలు వెలువరించినవారి వలన ఈ పేరు వాడుకకు వచ్చినది. అచ్చటివారి స్వాతంత్ర్యము కంపెనీలనుండి. మనవారి స్వాతంత్ర్యము సినిమానుండి.

"గృహిణులకు గిటారు బృందముల గొడవ యేల?" యని సోదరీమణులలో కొందరడుగవచ్చును. మా యింటికి ఈ గొడవ మా చిన్న మరిది రూపమున వచ్చినది. అతడు హైదరాబాదున ఇంజనీరింగు చదివి, అక్కడనే యుద్యోగము చేయుచు, తీరిక దొరికినప్పుడు స్నేహితులతో గూడి బ్యాండు నడుపుచున్నాడు. మావారు టెక్కలిలో ఉపాధ్యాయులు. మా యత్తవారి యూరు ఉద్దానమున, వజ్రపుకొత్తూరునకు సమీపమున నున్నది. మొన్నటి సంక్రాంతికి అందరము అక్కడ చేరినప్పుడు, మా యత్తగారి దంపుళ్ళపాటను తమ బ్యాండు కిమ్మని మరిది యడిగెను. ఇచ్చుటయా మానుటయా యను తగవు నెల దినములు నడచినది. అందు మేమొక పక్షము వహించితిమి. వహించితిమి గావున, ఈ సంగీతమెట్టిదో, ఎచ్చటినుండి వచ్చినదో విచారింపవలసివచ్చినది.

మరిది మాకు మొదట వినిపించినవి హైదరాబాదునందలి చౌరాస్తా బ్యాండు పాటలు. చౌరాస్తా యనగా ఆ పట్టణపు వాడుకలో నాలుగు త్రోవలు కలియు చోటు. పేరు సార్థకముగనే యున్నది. యశ్వంత్ నాగ్, రామ్ మిర్యాల మున్నగువారు గొంతు కలిపిన యీ బృందము తెలుగు జానపదపు వరుసలను రెగే యను విదేశీయ సంగీతముతో నతికినది. వీరి "మాయ" యను పాట తత్త్వములు పాడు బైరాగుల బాణీకి దగ్గరి చుట్టము. "ఊరెళ్ళిపోతా మామా" యనునది పట్టణమున విసిగి సొంత యూరికి మరలిపోదునను వాని పాట. 2020లో కరోనా వ్యాపించినప్పుడు, చేతులు కలుపవద్దని హెచ్చరించుచు వీరు కట్టిన పాట టెక్కలిలో చిన్నపిల్లలకును వచ్చియుండెను. రామ్ మిర్యాల తరువాత సినిమాలకు పాటలు కట్టి, పాడి, 2022లో వచ్చిన "డీజే టిల్లు"తో ప్రతి యింటను వినబడెను. సినిమాకు వెలుపల పుట్టిన గొంతును సినిమాయే కొనిపోయినదని మరిది నిట్టూర్చెను. జీవనము గడుపుకొనుట తప్పు కాదని మా యభిప్రాయము.

ఊరికి మరలుటను గూర్చిన ఆ పాట వినినప్పుడు మాకు నవ్వును దుఃఖమును ఒక్కమారే కలిగినవి. మా ఉద్దానమున కొడుకులు ఊరు విడువని యిల్లు అరుదు. పూర్వము రంగమునకు పోయిరి. నేడు చెన్నపట్టణము, హైదరాబాదు, గుజరాతు రేవులు. ఉద్యానమను మాటయే ఉద్దానమైనదని పెద్దలందురు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో నిండిన యిసుకనేల యిది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరము దాటిన నాడు ఆ తోటలు ఒక్కరాత్రిలో నేలగరచినవి. నాటిన కొబ్బరి మరల కాపునకు వచ్చుటకు ఎన్నియేండ్లు పట్టునో రైతుల యిల్లాండ్రకు తెలియును. తోట పడిన తరువాత అప్పటివరకు కదలనివారును కదలిరి. మరలుదుమన్న వానికి మరలుటకొక ఊరు మిగిలియుండవలెను గదా! పట్టణమున నున్న మా వాండ్రు ఆ పాటను మరల మరల వినుటలో నింత కథ యున్నది.

ఇక రెగే సంగతి. జమైకా యను ద్వీపము అమెరికా ఖండముల నడుమ, కరీబియన్ సముద్రమున నున్నది. చెఱకుతోటలలో చాకిరికై ఆఫ్రికానుండి బానిసలుగా కొనిరాబడినవారి సంతతి అచ్చట నెక్కువ. 1962లో ఆ దేశము స్వతంత్రమైనది. స్కా, రాక్‌స్టెడీ యను వారి నాట్యసంగీతములు క్రమముగా నిదానించి, 1968 నాటికి రెగే యను క్రొత్త నడక యేర్పడినది. ఆ సంవత్సరమున టూట్స్ అండ్ ది మేటల్స్ అను బృందము వెలువరించిన పాటలోని మాటయే దీనికి పేరైనది. దీనిని లోకమంతట ప్రతిష్ఠించినవాడు బాబ్ మార్లీ (1945-1981). ముప్పదియారేండ్లకే గతించెను. దారిద్ర్యమును, అవమానమును పాడినను ఆ పాటలో ఏడుపు వినబడదు. ఊయలవంటి తూగు వినబడును. 2018లో యునెస్కోవారు దీనిని మానవజాతి సాంస్కృతిక వారసత్వములలో నొకటిగా నెంచిరి.

ఆ తూగు ఎచ్చటినుండి వచ్చుచున్నదో తెలిసికొనుట మాకు ముఖ్యమైనది. నాలుగు లెక్కపెట్టి పాడునప్పుడు ఎవరైనను ఒకటిని గట్టిగా నందురు. రెగేలో డ్రమ్ము ఆ యొకటిని ఖాళీగా వదలివేయును. మూడవ లెక్కమీద బరువుగా పడును. దీనిని వారు వన్ డ్రాప్ అందురు. గిటారు రెండవ లెక్కయందును నాల్గవ లెక్కయందును చుఱుకుగా నొక్క గీత గీసి, వెంటనే యణగిపోవును. క్రింద బేస్ గిటారు, లావు తీగలతో, మెల్లగా పాటను మోయుచు నడచును. వినువాని చెవి ఆ లేని యొకటికొరకు వెదకుకొనును. ఆ వెదకుటలోనే తల దానంతట నూగును.

మేము పుట్టినింట మా తండ్రిగారి యొద్ద కావ్యములతోపాటు సంగీతశాస్త్రములోని కొన్ని ప్రకరణములు చదివితిమి. పదుమూడవ శతాబ్దమున శార్ఙ్గదేవుడు రచించిన సంగీతరత్నాకరమున సమము, అతీతము, అనాగతము అను గ్రహములు చెప్పబడినవి. తాళముతో పాట కలిసి యెత్తుకొనుట సమము. పాట ముందు, తాళము వెనుక యైన నతీతము. తాళము ముందు నడువగా పాట ఆగి యెత్తుకొనుట అనాగతము. మొదటి దెబ్బమీద నిలువక ప్రక్కకు జరిగి నిలుచుటలోని యందము మనకు నిన్న మొన్న తెలిసినది కాదు. ఆ గ్రంథమే మార్గమనియు దేశి యనియు సంగీతమును రెండుగా విభజించి, ఆయా దేశముల జనుల మనసు రంజింపజేయునది దేశి యని గౌరవముగా స్థానమిచ్చినది.

అయితే శాస్త్రముకంటె దగ్గర నున్న సాక్ష్యము రోలు. దంపుట యెరిగిన సోదరీమణులకు మేము చెప్పనక్కరలేదు; మిల్లు బియ్యము తినుచు పెరిగిన చిన్నవారికొరకు చెప్పుచున్నాము. ఒక్క రోటిలో ఇద్దరు దంపునప్పుడు ఒకరి రోకలి లేచునప్పటికి రెండవవారి రోకలి పడవలెను. లెక్క తప్పిన రోకళ్ళు కొట్టుకొనును. మొదటియామె పోటు మాటమీద పడును. రెండవయామె పోటు మాటకును మాటకును నడుమ పడును. ఆ నడుమ పోటుతోనే రెండవయామె "సువ్వి" యని వంత పలుకును. చౌరాస్తావారి పాటలో గిటారు గీయుచున్న చోటు సరిగా రెండవయామె రోకలి పడు చోటే. ఈ మాట మేము మరిదితో ననగా అతడు రెండు చేతులతో తొడమీద దరువు వేసి చూచుకొని, "వదినా, ఇది మా డ్రమ్మరుకి చెప్పాలి" యని నవ్వెను.

విదేశీయమును ఇంటిలోనికి తెచ్చుట చెరుపని మావారి పక్షము. మావారికి ఛందస్సు నందభిమానము, గిటారునందు అనుమానము. "ఆ చప్పుళ్ళలో మాట వినబడునా?" యని వారడిగిరి. ఈ యాక్షేపణలో బలము లేకపోలేదు. మరిది వినిపించిన తెలుగు బ్యాండు పాటలలో కొన్నింట మాట మునిగిపోయినది; మరికొన్నింట ళకారమంతయు లకారమైనది. దానికి గిటారు బాధ్యురాలు కాదు, పాడువారి నాలుక బాధ్యురాలు. మాట తేటగా పలికిన చోట వాద్యము దానినేమియు చేయలేదు.

ఈ యతుకు తెలుగువారు క్రొత్తగా కనిపెట్టినదియు గాదు. 1975లో కలకత్తాయందు గౌతమ్ చట్టోపాధ్యాయ ప్రభృతులు మహీనేర్ ఘోడాగులి యను బృందమును స్థాపించి, వంగదేశపు బావుల్ పాటను పాశ్చాత్య వాద్యములతో పాడిరి. అప్పుడు వినినవారు తక్కువ. ఇరువదియేండ్ల తరువాత గదా వంగదేశము వారిని తలకెత్తుకొన్నది. 1990లో ఢిల్లీలో నేర్పడిన ఇండియన్ ఓషన్ బృందము నర్మదాతీరపు జానపదగీతమును తన "కందిస" సంపుటమున (2000) చేర్చినది. కన్నడమున రఘు దీక్షిత్ శిశునాళ షరీఫుగారి తత్త్వములను గిటారుతో పాడి పల్లెలవారిని మెప్పించెను. మలయాళమున అవియల్ అను బృందము, కూరలన్నియు కలిపిన వంటకము పేరే పెట్టుకొని, 2008లో తన సంపుటమును వెలువరించెను. మనవారు వెనుకబడుటకు కారణము ప్రతిభ కొరత గాదు. సినిమా యనెడి మఱ్ఱిచెట్టు నీడ మనయందు మరీ దట్టము.

మన కళింగసీమకు మాత్రము ఆ నీడ వెలుపల బ్రతికిన పాటకు కొదువ లేదు. గొల్లవారు రేకు తప్పెటలు రొమ్మునకు కట్టుకొని, రెండు చేతులతో వాయించుచు, గంతులు వేయుచు పాడు తప్పెటగుళ్ళు ఇక్కడివి. జముకు అనునది మరియొకటి. గొట్టమువంటి చిన్న వాద్యమునకు ఒకవైపు తోలు బిగించి, దాని నడుమనుండి తీసిన నరమును ఒక చేత లాగుచు సడలించుచు రెండవ చేత మీటుదురు. లాగిన కొలది నాదము పైకి జారును; సడలించిన క్రిందికి జారును. బేస్ గిటారు చేయు పని యిదియే గదా యని మరిది యాశ్చర్యపడెను. పార్వతీపురపు ప్రాంతమున 1943లో జన్మించి 2020 ఆగస్టులో గతించిన వంగపండు ప్రసాదరావుగారు మన యాసను, మన దరువును పట్టుకొని పాటలు కట్టి, తెర సహాయము లేకయే తెలుగుదేశమంతట వినిపించిరి. ఆయన రాజకీయముతో అందరికి నేకీభావము లేకపోవచ్చును. ఆయన చెవిని కాదనువారు లేరు.

పలాస పేరు సినిమాకెక్కిన సంగతియు నిక్కడ చెప్పవలెను. 2020 మార్చిలో కరుణకుమార్ దర్శకత్వమున వచ్చిన "పలాస 1978" చిత్రమున కథానాయకులైన అన్నదమ్ములు జానపదకళాకారులు. సంగీతము రఘు కుంచెగారిది. అందు "నాది నక్కిలీసు గొలుసు" అను మన యుత్తరాంధ్ర జానపదము చేరి దేశమంతయు తిరిగినది. ఆ నక్కిలీసు అను మాటను చూడుడు. నెక్లెస్ అను ఇంగ్లీషు మాట మన స్త్రీల నోటబడి, గొలుసుతో జతగూడి, తెలుగు నగయై కూర్చున్నది. పరాయి వస్తువును పాటలో నిముడ్చుకొనుటకు మన స్త్రీలు ఎవరి యనుమతియు నడుగలేదు. ఈ పాటను చూపియే మేము మావారి యాక్షేపణకు బదులు చెప్పితిమి. వారు మాటాడక వార్తాపత్రిక తెరచిరి.

మా యత్తగారి యాక్షేపణలు అంత తేలిక కావు.

"రోటికాడ పాట బజారుకేటిరా?" అనునది మొదటిది. పని చేయుచు పాడుకొన్న పాటను, పని లేనివారు కూర్చుండి వినుట యేమి యని యామె భావము. దీనికి మేము పాల్కురికి సోమనాథుని తలచుకొంటిమి. ఆ మహాకవి పండితారాధ్యచరిత్రమున తుమ్మెదపదములు, ప్రభాతపదములు, గొబ్బిపదములు, వెన్నెలపదములు మున్నగు జనుల పాటల పేర్లు పట్టికగా నిచ్చెను. పేర్లు మనకు దక్కినవి. నాటి వరుసలు దక్కలేదు. ఆనాడు వాటిని పట్టియుంచు సాధనము లేదు. నేడు మరిది చేతిలోని ఫోనే సాధనము. పట్టియుంచుటకు ఎవరో యొకరు అడిగినప్పుడు ఇయ్యకుండుట తగదని చెప్పితిమి.

రెండవ యాక్షేపణకు మాయొద్ద బదులు లేకపోయెను. "నాకు సగమే వచ్చు" నని యామె యనెను.

ఆ పాటకు రెండవ గొంతు పొరుగింటి మందసావిడది. మందస నుండి కోడలై వచ్చినది గావున ఊరివారందరు నట్లే పిలిచిరి. నలుబదియేండ్లు ఆ యిద్దరును ఒకే రోటిలో దంచిరి. మిల్లు వచ్చిన తరువాతను సంక్రాంతి అరిసెల పిండికి మాత్రము మానలేదు. మా యత్తగారు కథ నడుపుచు పోవుదురు. మందసావిడ ప్రతి మాటకు ఎదురుమాట తగిలించును. ఒక్కొక్కప్పుడు వేళాకోళముగా, ఒక్కొక్కప్పుడు కంటనీరు వచ్చునట్లుగా. ఉద్దానమును పట్టి పీడించుచున్న మూత్రపిండముల వ్యాధి ఆమెను పట్టుకొన్నది. దాని మూలకారణము నేటికిని పూర్తిగా తేలలేదు. డయాలసిస్ కొరకు దూరము తిరిగి తిరిగి ఆమె యలసిపోయినది. 2023 డిసెంబరులో పలాసయందు మూత్రపిండముల వ్యాధికై రెండువందల పడకల ఆసుపత్రి తెరచునప్పటికి ఆమె లేదు. ఆమెతోపాటు ఎదురుమాటలన్నియు పోయినవి. అవి మా యత్తగారికి రావు. నలుబదియేండ్లు వినియు ఏల రాలేదని మరిది యడుగగా, "దాని మాట దానిదేరా, నేనెందుకు నేర్సుకుంతాను?" అనెను.

అయినను పాడెను. కనుమునాటి మధ్యాహ్నము పెరటిలో రోలు కడిగించి, నానిన బియ్యము పోయించి, ఒంటిరోకలితో దంచుచు పాడెను. మరిది ఫోను పట్టుకొని నిలిచెను. ప్రతి చరణమునకు తరువాత ఆమె నోరు మూసికొని, రోకలి పైకెత్తి, ఒక్క క్షణమాగెను. ఎదురుమాట వచ్చుచోటది. పిండి పని కావున మేము రెండవ రోకలి పట్టుకొందుమని ముందునకు వచ్చితిమి. ఆమె తల యడ్డముగా నూపెను.

ఆ ఖాళీలను కత్తిరించివేయుదమా యని బ్యాండులోని స్నేహితు డొకడు అడిగెనట. మరిది కత్తిరింపలేదు. ఫాల్గుణమున మొదటి ప్రతి పంపెను. ఖాళీ యున్న ప్రతి చోటను మాట లేక, రెండు గిటారు గీతలు మాత్రము, రెండవ రోకలి పడవలసిన లెక్కలో పడినవి. మేము వినగనే గుర్తించితిమి. ఇంత తగవు పడినందుకు ఆ రెండు గీతలే మాకు చాలిన ఫలము. అత్తగారు తుదివరకు వినెను. ఏమనునో యని మేమందరము ఆమె మొగము చూచుచుంటిమి.

"ఆ జోరుకి బియ్యం నలగవురా, రోట్లోంచి ఎగిరి పడతాయి" అనెను.

నడక తగ్గించి రెండవ ప్రతి పంపినాడు. మరల వినిపించితిమి. ఈసారి ఆమె చేయి మంచపు పట్టెమీద, గిటారునకు ఎదురు లెక్కలో, తనకు తెలియకయే పడుచుండెను.

మిగిలినది పేర్ల సంగతి. జానపదము అని మాత్రము వ్రాసి ఊరకుండుట యీ వ్యాపారమునందు వాడుక. అది మాకు సమ్మతము గాదు. పాటకు కర్త తెలియకపోవచ్చును. పాడినవారు తెలియుదురు గదా. పాడినవారి పేరును, ఊరి పేరును వ్రాయనిదే పాట వెలువరింపరాదని మేము మరిదికి గట్టిగా చెప్పితిమి. ధనమేమైన వచ్చిన యెడల రెండిండ్లకు సమముగా పంచవలెననియు చెప్పితిమి. అతడు అన్నిటికి నొప్పుకొని, పేర్లు చెప్పుమనెను. అత్తగారు వెంటనే, "ముందు మందసావిడ పేరు రాయి" అనిరి. మందసావిడ పేరేమి? అత్తగారికి తెలియదు. ఇంటి ప్రక్కవారికి తెలియదు. పెండ్లినాటినుండి పుట్టినూరి పేరుతోనే పిలిచిన ఊరది. మావారు చెన్నపట్టణములో పనిచేయుచున్న ఆమె కుమారునికి ఫోను చేసి, సంగతి చెప్పి, అనుమతి యడిగిరి. అతడు కొంతసేపు పలుకక, తరువాత సరేయని, తల్లి పేరు చెప్పెను. మావారు ఫోనునకు చేయి యడ్డము పెట్టి, ఆ పేరు మా యత్తగారికి గట్టిగా వినిపించిరి.

"ఓలమ్మ, అంత మంచి పేరా దానిది!" అని యామె చాలసేపటివరకు దానిని పలుకుచుండెను.